గళ్లనుడికట్టులో ఆగిపోతే ఎవరి సాయం తీసుకోవాలి? ఆరు నెలలు అన్నీ వాడి చూశాక నా రివ్యూ

"స్వప్నం తర్వాత దేవుడి కానుక, గాభరా (4)". గళ్లనుడికట్టులో, అంటే క్రాస్‌వర్డ్‌లో, ఆ రోజు వచ్చిన ఆధారం (క్లూ) ఇదీ. నాలుగు గళ్లలో రెండోది "ల" అని నిలువు మాట వల్ల తెలిసిపోయింది, మిగతా మూడూ ఖాళీ. ఇరవై నిమిషాలు చూసి చూసి ఓపిక అయిపోయి, యాప్‌లో కింద ఉండే "జవాబు చూపించు" నొక్కేశాను. నాలుగు గళ్లూ ఒక్కసారి నిండిపోయాయి: కలవరం. కల, వరం. ఎంత అందంగా కట్టారో చూడండి, కలకీ వరానికీ మధ్య ఒక్క విరుపు, అంతే! ఆ విరుపు నాకు నేనుగా పట్టుకుని ఉంటే ఆ రోజంతా హుషారుగా ఉండేదాన్ని. బటన్ నొక్కినందుకు జవాబు దొరికింది కానీ ఆ ఆనందం మాత్రం దొరకలేదు, గళ్లు నిండిన పజిల్ చూస్తే ఎవరో నింపిన కాగితంలా అనిపించింది.

ఆ రోజు నుంచి ఒక పని పెట్టుకున్నాను. రోజూ వచ్చే పజిల్‌లో ఎక్కడైనా ఆగిపోతే ఒక్కోసారి ఒక్కో రకం సాయం తీసుకుని, అది ఎంతవరకు పనికొచ్చిందో పుస్తకంలో రాసుకున్నాను. దాదాపు ఆరు నెలలు. ఇది ఏదో ఒక యాప్ గురించి రివ్యూ కాదు, పజిల్ సాయం పేరుతో మనకి దొరికేవాటన్నిటి గురించి. వాటిలో నన్ను ఇబ్బంది పెట్టినవాటి పేర్లు రాయడం లేదు, ఎందుకంటే ఆ లోపాలు ఒకరివి కావు, ఆ రకానివే.

ముందే నా కొలత చెప్పేస్తాను. సాయం తీసుకున్నాక ఆ గడి నిండిందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. వారం తర్వాత అలాంటి ఆధారమే ఇంకోటి వస్తే ఎవరినీ అడగకుండా నేను విప్పగలిగానా, అదే కొలత. దీంతో కొలిస్తే మార్కులన్నీ తారుమారైపోయాయి.

మొదట పజిల్ యాప్‌లలోనే ఉండే బటన్లు. మామూలుగా మూడు ఉంటాయి: సరిచూడు, అక్షరం చూపించు, మాట చూపించు. "సరిచూడు" చాలా మంచిది, నిస్సంకోచంగా వాడండి. నిలువు 6 తప్పుగా రాసి దాని మీద నాలుగు అడ్డం మాటలు ఆధారపడి ఉంటే, ఆ తప్పు తెలియక అరగంట వృథా అవుతుంది, ఆ అరగంటలో మనం నేర్చుకునేది ఏమీ ఉండదు. తప్పు గడి ఎర్రగా కనిపిస్తే చాలు, మిగతాది మనం చూసుకుంటాం. "మాట చూపించు" సంగతి పైన చెప్పాను.

"అక్షరం చూపించు" దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఇంగ్లీషు పజిల్స్‌లో ఈ బటన్ చిన్న సాయం, ఎందుకంటే గడికో లెటర్, ఉన్నవి మొత్తం 26. తెలుగులో గడికో అక్షరం, అంటే గుణింతంతో, ఒత్తుతో, సున్నాతో సహా. ఒక్క హల్లుకే గుణింతంలో పదిహేనుకి తక్కువ కాకుండా రూపాలు, వాటికి ఒత్తులు చేరితే ఇంక లెక్కపెట్టలేం. కాబట్టి మూడు గళ్ల మాటలో ఒక్క "త్ర్యం" చూపించారంటే దాదాపు జవాబు చెప్పేసినట్టే. ఇంగ్లీషు యాప్‌లని చూసి అదే బటన్‌ని తెలుగులోకి దించేశారు తప్ప, ఇక్కడ అది ఎంత బరువైన సాయమో ఎవరూ ఆలోచించినట్టు లేదు. నాకు కావల్సింది సగం అక్షరం. గుణింతం లేకుండా "ఈ గడిలో ఉన్నది 'ర' గుణింతంలో ఒకటి" అని చెబితే చాలు, రా, రి, రు, రం అని నేనే తిప్పి చూసుకుంటాను. ఇంతవరకు ఏ యాప్‌లోనూ ఇది కనిపించలేదు. తయారు చేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే దయచేసి ఇది ఆలోచించండి, నిజంగా అడుగుతున్నాను.

తర్వాత నమూనాతో వెతికే సాధనాలు. తెలిసిన అక్షరాలు ఇచ్చి, తెలియని చోట ప్రశ్న గుర్తు పెడితే సరిపోయే మాటలన్నీ చూపించేవి. ఇంగ్లీషులో ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి, బాగా పనిచేస్తాయి. తెలుగులో నేను వాడిన వాటిలో ఒకటి నన్ను రెండు వారాలు తప్పుదారి పట్టించింది, దాని కథ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరూ ఇలాంటిదే వాడుతూ తెలుగు మాటలు తక్కువ ఉన్నాయేమో అనుకుంటూ ఉండొచ్చు.

నేను "?ల??" అని ఇచ్చాను. నాలుగు గళ్లు, రెండోది "ల". అది "కలలు" అని చూపించింది. కలలు అంటే మూడు గళ్లు కదా! పైగా సరైన జవాబు కలవరం ఆ జాబితాలో లేనే లేదు. చాలా రోజులు అర్థం కాలేదు, చివరికి కంప్యూటర్ పని తెలిసిన ఒక స్నేహితురాలు విడమరచి చెప్పింది. కంప్యూటర్ లోపల తెలుగు మాట మనం పలికే అక్షరాలుగా ఉండదు, యూనికోడ్ ముక్కలుగా ఉంటుంది (యూనికోడ్ అంటే కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకీ వాడే సంకేతాల పద్ధతి). కొమ్ము ఒక ముక్క, సున్నా ఒక ముక్క, ఒత్తు రావాలంటే మధ్యలో పొల్లు ఒక ముక్క. ఆ లెక్కన "కలలు" నాలుగు ముక్కలు, "కలవరం" అయిదు. మనకి ఒకే గడిలో పట్టే "స్త్రీ" దానికి ఆరు ముక్కలు. "స్వాతంత్ర్యం" మనకి మూడు గళ్లు, దానికి పన్నెండు! ఆ సాధనం చేసినవాళ్లు ముక్కలు లెక్కపెట్టారు, మనం అక్షరాలు లెక్కపెడతాం. అంతే తేడా, కానీ ఆ తేడాతో మొత్తం సాధనం పనికిరాకుండా పోయింది.

ఇది సరిచేయలేని లోపం కాదు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో ఒత్తుతో కలిసిన అక్షరాన్ని మధ్యలో విడగొట్టకుండా ఒకే అక్షరంగా లెక్కించే నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకి చేర్చారు. కాబట్టి ఇప్పుడు కొత్తగా రాసేవాళ్లకి సాకు లేదు. మీరు ఏదైనా సాధనం వాడబోయే ముందు ఒక పరీక్ష పెట్టండి: "స్త్రీ" ఇచ్చి ఎన్ని గళ్లో అడగండి. ఒకటి అని చెబితే ఉంచుకోండి. ఇంకే సంఖ్య చెప్పినా తీసేయండి.

ఇంకో రెండు తిప్పలు ఉన్నాయి, ఇవి కూడా తెలిసుంటే మంచిది. ఒకటి, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో "ట్" కింద "వే" ఒత్తుగా పడకుండా ఉండటానికి మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు టైపు చేస్తారు. మనం ఆ గుర్తు లేకుండా వెతికితే ఉన్న మాట కూడా లేదంటుంది. రెండోది సున్నా, "ము" గొడవ. పాత నిఘంటువుల్లో "కలవరము" అని ఉంటుంది, పజిల్‌లో "కలవరం" కావాలి. ఒక గడి తేడా వచ్చేస్తుంది. నాలుగు గళ్ల మాట దొరక్కపోతే, చివర "ము" పెట్టి అయిదు గళ్లకి కూడా ఒకసారి వెతకండి. అలాగే గళ్లు, గళ్ళు అని రెండు రకాలుగానూ రాస్తారు కదా, అది కూడా.

సరిగ్గా లెక్కపెట్టే సాధనం ఒకటి తర్వాత దొరికింది. అదే నమూనా ఇస్తే అలవాటు, కలకలం, కలవరం, తలగడ, తలవంపు అని వరసగా చూపించింది. ఇక్కడే నాకు ఈ రకం సాయం మీద గౌరవం పెరిగింది. చూడండి, కలకలం కూడా నాలుగు గళ్లే, కలతోనే మొదలు, అర్థం కూడా గాభరాకి దగ్గర్లోనే ఉంది! జాబితా చూసి తొందరపడితే అదే రాసేస్తాం. ఆధారంలో "దేవుడి కానుక" ఎందుకుందో ఆలోచిస్తేనే వరం తడుతుంది, అప్పుడే కలవరం. అంటే ఈ సాధనం నా ముందు అయిదు తలుపులు పెట్టింది, ఏది తెరవాలో నాకే వదిలేసింది. అయిదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఏదో ఒక ఆట ఆడుకోవాల్సిన చోట జాబితాలో వెతుక్కోవడం అలవాటైపోతే ఆధారం చదవడమే మానేస్తాం. నాకు ఒక వారం అలాగే జరిగింది.

మొత్తం జవాబులు ఒకే చోట పెట్టే పేజీల గురించి ఎక్కువ చెప్పను. ఒక్క ఆధారం కోసం వెళితే పక్కనున్న పది జవాబులు కంట్లో పడిపోతాయి, వాటిని మళ్లీ మర్చిపోవడం మన చేతుల్లో లేదు. వద్దు.

కృత్రిమ మేధ చాట్‌బాట్‌ల దగ్గరికి వస్తే, వీటి మీద చాలా ఆశ పెట్టుకున్నాను, అందుకే కొంచెం బాధగా ఉంది. "ఎటు తిరిగినా చిన్న నిద్రే (3)" అని అడిగాను. "నిద్ర" అంది. మూడు గళ్లు కావాలన్నాను. "కునికిపాటు, ఇది సరిగ్గా మూడు అక్షరాలు" అంది, చాలా ధీమాగా. కు, ని, కి, పా, టు. అయిదు. మళ్లీ అడిగితే క్షమించమని ఇంకో తప్పు చెప్పింది. ఇవి మనం రాసినదాన్ని అక్షరాలుగా చూడవు, టోకెన్లు అనే ముక్కలుగా చూస్తాయి, అందుకే అక్షరాలు లెక్కపెట్టమంటే, తిప్పి చదవమంటే తడబడతాయి. గళ్లనుడికట్టు అంటేనే లెక్కపెట్టడం, తిప్పి చదవడం! ఈ ఆధారంలో "ఎటు తిరిగినా" అన్నది ఊరికే పెట్టిన మాట కాదు, అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా ఒకటే మాట అని చెప్పడానికి. కు, ను, కు. కునుకు. ఇది నాకు మర్నాడు పొద్దున ముఖం కడుక్కుంటూ ఉంటే తట్టింది, ఒక్కదాన్నే గట్టిగా నవ్వేశాను.

అయితే చాట్‌బాట్‌ని వేరే పనికి వాడితే బాగుంటుంది. "గాభరాకి పర్యాయపదాలు ఒక ఇరవై చెప్పు" అని అడగండి, గళ్ల లెక్క మాత్రం చెప్పనివ్వకండి. ఆత్రం, తత్తరపాటు, కంగారు, కలవరం, బెంబేలు అంటూ ఇస్తుంది, వాటిని మీరే గళ్లలో పెట్టి చూసుకోండి. అలా వాడితే మూడు మార్కులు. జవాబు నేరుగా అడిగితే ఒకటి.

నిఘంటువులు నాకు ఈ ఆరు నెలల్లో దొరికిన పెద్ద ఆస్తి. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో చాలా తెలుగు నిఘంటువుల్ని ఒకేసారి వెతకొచ్చు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టిన దక్షిణాసియా నిఘంటువుల్లో బ్రౌన్ నిఘంటువు ఉంది, గ్విన్ నిఘంటువూ ఉంది. బ్రౌన్‌ది 1852 నాటిది, కాబట్టి పాత మాటలకి బాగా పనికొస్తుంది, "ము" సంగతి గుర్తుపెట్టుకుని వెతకండి. వీటి దగ్గర గొప్పతనం ఏమిటంటే ఇవి మన పజిల్ గురించి ఏమీ తెలియకుండానే సాయం చేస్తాయి. ఒక మాట కోసం వెళితే దాని పక్కన ఇంకో నాలుగు మాటలు పరిచయమవుతాయి, అవి వారం తర్వాత ఇంకో పజిల్‌లో ఎదురొస్తాయి.

దీనికి ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకెళతాను. "కోతైనా కప్పైనా విష్ణువే (2)" అని ఒక ఆధారం వచ్చింది. కోతికి కపి అనుకున్నాను, కప్పకి కుదరలేదు. నిఘంటువులో విష్ణువు పేర్లు ఒక్కొక్కటే తీసి నానార్థాలు చూస్తూ పోతే "హరి" దగ్గర కళ్లు తిరిగాయి. విష్ణువు, ఇంద్రుడు, యముడు, సూర్యుడు, చంద్రుడు, గాలి, సింహం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప, కిరణం. ఒక్క రెండు గళ్ల మాటకి ఇన్ని అర్థాలు! ఇవన్నీ అమరకోశంలోనే చెప్పేశారట. కూర్పరికి, అంటే పజిల్ తయారుచేసే మనిషికి, ఇది బంగారు గని, మనకి కూడా. ఆ రోజు తర్వాత హరి మీద కట్టిన ఆధారం ఇంకో రెండు సార్లు వచ్చింది, రెండుసార్లూ చూడగానే పట్టుకున్నాను. నా కొలత ప్రకారం దీనికి అయిదుకి అయిదు. టైం పడుతుంది, అదొక్కటే ఇబ్బంది, ఉదయం హడావుడిలో కుదరదు.

ఇప్పుడు అంచెలంచెలుగా సూచనలిచ్చే సేవలు. ఇలాంటిది ఒకటి చందా కట్టి మూడు నెలలు వాడాను. మొదటిసారి నొక్కితే ఆధారంలో నిర్వచనం ఏ భాగమో దాని కింద గీత గీసి చూపిస్తుంది. రెండోసారి నొక్కితే ఏ రకం ఆటో చెబుతుంది: తిప్పి చదవాలా, కలగాపులగమా, లోపల దాగి ఉందా, ఏదైనా అక్షరం తీసేయాలా. మూడోసారి నొక్కితే ఒక అక్షరం. నాలుగోసారికి జవాబు. ఈ పద్ధతి కనిపెట్టినవాళ్లకి పజిల్ నింపడం నిజంగా వచ్చు, సందేహం లేదు. నాకు పదిసార్లలో ఏడెనిమిది సార్లు ఆ మొదటి గీతే సరిపోయేది.

ఎందుకో చెబుతాను. గూఢంగా రాసే ఆధారాల్లో, ఇంగ్లీషులో క్రిప్టిక్ అంటారు కదా, ఒక పాత నియమం ఉంది. ఆధారంలో ఒక చివర నిర్వచనం ఉంటుంది, మిగతాదంతా మాటలతో ఆట. రెండూ కలిపి ఒకే వాక్యంలా కనిపించేలా రాయడమే కూర్పరి పనితనం. వాక్యంగా చదివినంతసేపూ మనం ఆ కథలో చిక్కుకుపోతాం. "నడుము విరిగిన యుద్ధం హారమైంది (2)" అని చదివితే యుద్ధం గురించే ఆలోచిస్తాం. "హారం" కింద గీత పడగానే వాక్యం రెండుగా విరిగిపోతుంది. యుద్ధం అంటే సమరం, దాని నడుము, అంటే మధ్య అక్షరం తీసేస్తే సరం. సరం అంటే హారం. గీత ఒక్కటే ఇచ్చారు, సమరం నాది, సరం నాది.

ఆ సేవలో లోపాలు మాత్రం ఉన్నాయి. సూచనలు పజిల్‌తో పాటు రావు, మధ్యాహ్నానికి గానీ రావు, అప్పటికి సగంమంది నింపేసి ఉంటారు. కొన్ని రోజులు ఎవరూ రాయలేదేమో, అన్ని ఆధారాలకీ "బాగా ఆలోచించండి" అని ఒకటే మాట వచ్చింది. చందా తీసుకుని అలా చేయకూడదు. ఫిర్యాదు రాస్తే రెండు వారాలకి జవాబొచ్చింది, సరిచేస్తామన్నారు, నేను వాడినంతకాలం సరికాలేదు. ఇంకో బాధ వరస లెక్క. ఇన్ని రోజులు వరసగా పూర్తిచేశారు అని రోజూ చూపిస్తుంది, ఆ వరస తెగుతుందేమో అని రాత్రి పదకొండున్నరకి టెన్షన్‌తో జవాబు బటన్ నొక్కిన రోజులు నాకు ఉన్నాయి. ఆ లెక్క సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు, మొదటిరోజే ఆపేయండి. పద్ధతికి అయిదు మార్కులు, నడిపే తీరుకి రెండు.

ఇంక నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన సాయం మా బాబాయి. ఆయన చాలా ఏళ్లుగా రోజూ పజిల్ నింపుతారు, పెన్నుతోనే, పెన్సిల్ వాడరు. నేను ఫోన్ చేసి "బాబాయ్, నిలువు 9 చెప్పవా" అంటే ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. మొదట్లో కోపం వచ్చేది.

ఆ రోజు ఆధారం "చెదిరిన నవల కారణంగా (3)".

"ఏమ్మా, ముందు నిర్వచనం ఏ చివర ఉందో చెప్పు," అన్నారు.

"నవల అనుకుంటా బాబాయ్. ఏదో పాత నవల పేరు మూడక్షరాలది."

"నవల మధ్యలో ఉంది కదమ్మా. చివర అన్నాను."

"చివర 'కారణంగా' ఉంది. అది నిర్వచనం ఎలా అవుతుంది, అది ఊరికే విభక్తి లాంటిది కదా?"

ఆయన ఏమీ అనలేదు. నేను అన్నమాటే నాకు మళ్లీ వినిపించింది. విభక్తి. చేతన్, చేన్, తోడన్, తోన్, వలన. న, వ, ల చెదిరితే వ, ల, న! ఫోన్‌లోనే అరిచాను. "మరి ఉంటానమ్మా," అని పెట్టేశారు.

ఇంకోసారి "వాన రంగులో దాక్కున్న కోతి (3)" దగ్గర ఆగిపోయి, వాన రంగు అంటే బూడిద రంగా, నీలమా అని అడుగుతుంటే, "అర్థం చదవకమ్మా, అక్షరాలు చూడు," అన్నారు. అంతే. వానరం కళ్ల ముందే ఉంది, వాన, రం, తర్వాత గు. అప్పటినుంచి "లో", "దాగిన", "మధ్య", "కడుపులో" లాంటి మాటలు కనపడితే ముందు అక్షరాలే చూస్తున్నాను. తిరిగిన, వెనుదిరిగిన, ఎదురు అంటే తిప్పి చదవడం. చెదిరిన, తికమక, కలగాపులగం అంటే అక్షరాలు కలిపేయడం. తల లేని, తోక తెగిన, నడుము విరిగిన అంటే ఎక్కడో ఒకటి తీసేయడం. "వెనుదిరిగిన తీగ శిరస్సు (2)" చూశారా, తీగంటే లత, లత వెనుదిరిగితే తల. ఇవన్నీ ఎవరూ నాకు జాబితాగా ఇవ్వలేదు, ఒక్కో ఫోన్‌కి ఒక్కోటి వచ్చాయి, అందుకే మర్చిపోలేదు. అలాంటి మనిషి మీకూ ఒకరుంటే, పజిల్ పేరుతో వాళ్లతో రోజూ రెండు నిమిషాలు మాట్లాడండి. దీనికి మార్కులు వేయను, వేసేది కాదు.

పజిల్ కోసం సాయం అడగడం తప్పు అనుకునేవాళ్లు కొందరుంటారు, మోసం అంటారు. నేను ఒప్పుకోను. 1913 డిసెంబర్ 21న ఆర్థర్ విన్ న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదటి గళ్ల పజిల్ వేసినప్పుడు, వజ్రం ఆకారంలో ఉన్న ఆ పజిల్‌లో ఒక మాట ఆయనే ముందుగా నింపి ఇచ్చాడు. అంటే ఈ ఆట పుట్టిన రోజునే సాయం కూడా పుట్టింది! న్యూయార్క్ టైమ్స్ పజిల్‌కైతే, ఫోన్లలో ఇంటర్నెట్ రాకముందు, ఒక నంబర్‌కి ఫోన్ చేస్తే ఆ రోజు ఆధారాల్లో ఏవైనా మూడింటికి జవాబులు చెప్పే సేవ ఉండేది, నిమిషాల లెక్కన ఛార్జీ. నాకు అందులో నచ్చింది ఆ మూడు అన్న హద్దు. మొత్తం చెప్పరు, మూడే. ఏ మూడు అడగాలో తేల్చుకోవాలంటే ముందు పజిల్ అంతా మళ్లీ ఒకసారి చూడాలి, ఆ చూడటంలోనే ఒకటో రెండో వాటంతట అవే విడిపోతాయి.

నేను ఆ హద్దునే నాకు పెట్టుకున్నాను. రోజుకి మూడు సాయాలు, అంతకు మించి లేవు. పొద్దున సాయం లేకుండా వచ్చినన్ని నింపుతాను. తర్వాత పక్కన పెట్టి పనిలో పడిపోతాను, ఇది చాలా ముఖ్యం, కునుకు నాకు అలా పక్కన పెట్టినందుకే తట్టింది. సాయంత్రం మళ్లీ తీసి, తప్పులుంటే "సరిచూడు" నొక్కుతాను, దాన్ని మూడింట్లో లెక్కపెట్టను. అప్పటికీ రానివాటికి నిఘంటువు, తర్వాత నమూనా వెతుకులాట, చివరికి బాబాయి. మొదటి నెలలో రోజూ మూడూ అయిపోయి ఇంకా గళ్లు మిగిలేవి. ఇప్పుడు చాలా రోజులు ఒక్కటి కూడా వాడకుండా పూర్తవుతోంది, కొన్ని రోజులు రెండు మూడు గళ్లు ఖాళీగానే ఉండిపోతాయి, మర్నాడు జవాబు చూసి ఎలా వచ్చిందో విప్పుకుంటాను. ఆ ఖాళీ గళ్లు ఇదివరకటిలా బాధ పెట్టడం లేదు.

చందా సేవ ఆపేశాను. సూచనలు పొద్దున్నే ఇవ్వడం మొదలుపెడితే మళ్లీ కడతాను, ఆ గీత పద్ధతి అంత బాగుంటుంది. ముక్కలు లెక్కపెట్టే సాధనాన్ని ఫోన్‌లోంచి తీసేశాను.

ఇవాళ్టి పజిల్‌లో నాకు ఒకటి మిగిలిపోయింది, రెండు సాయాలు ఇప్పటికే వాడేశాను, ఈ మూడోది మీకోసం ఉంచుకున్నాను. అడ్డం 22: "వైరాలన్నీ వెలుతురు ఉన్నప్పుడే (3)". గళ్లలో ఏమీ పడలేదు. జవాబు రాయకండి, దయచేసి. దీన్ని ఎక్కడ విరవాలో ఒక్కటే చెప్పండి.